అమ్మ బాగానే ఉంది.. కెమెరాలో!

పోయిన డిసెంబర్లో ఒక ఆదివారం పనీపాటా లేక ఒక లెక్క వేశాను. ఊళ్ళో మా ఇంటి వాకిట్లో అమ్మ కోసం పెట్టించిన కెమెరా ఒకటుంది. గేటు దగ్గర ఏ కాస్త కదలిక ఉన్నా హైదరాబాదులో నా ఫోనుకి అలర్టొస్తుంది. నెల రోజుల అలర్టులు దాచి ఉంచుతుంది. అవన్నీ ఒక్కొక్కటే తెరిచి, వచ్చిందెవరో చూసి, కాగితమ్మీద గీతలు పెట్టుకుంటూ పోయాను.

పాలబ్బాయి 30 సార్లు (గేటుకి తగిలించిన సంచీలో పాకెట్ పడేసి పోతాడు, లోపలికి రాడు). పింఛను ఇచ్చే సచివాలయం అమ్మాయి ఒకసారి. కరెంటు రీడింగు ఒకసారి. గ్యాసు బండ ఒకసారి. పక్క వీధి పెద్దమ్మ రెండుసార్లు. వీధికుక్క 14 సార్లు.

అంటే పాలబ్బాయిని పక్కన పెడితే, నెల మొత్తమ్మీద మా అమ్మ దగ్గరకి మనుషుల కంటే కుక్కే ఎక్కువసార్లు వచ్చిందన్నమాట!

ఆ నెలంతా నేను అమ్మకి రోజూ ఫోన్ చేశాను. రోజూ "బాగానే ఉన్నానురా, నాకేటి" అంది. కెమెరా తెరిస్తే మంచమ్మీద కూర్చుని కనిపించేది. ఆహా, బాగానే ఉంది కదా అనుకుని మూసేసేవాణ్ణి. ఆఫీసులో ఒక సర్వర్ 'నడుస్తోంది' అని పచ్చలైటు చూపిస్తూ ఒక్క రిక్వెస్టు కూడా అందుకోకపోతే అది బాగున్నట్టు కాదని ఏ ఫ్రెషరైనా చెబుతాడు. సొంత తల్లి దగ్గరకొచ్చేసరికి పచ్చలైటు చాలనుకున్నాను.

సరే, ఈపాటికి మీలో కొందరు "కొడుకు పట్టించుకోకపోతే అంతే మరి" అనుకుంటూ ఉంటారు. నా గొడవంతా ఆ మాట మీదే. వయసు మళ్ళినవాళ్ళ ఒంటరితనం గురించి మన పేపర్లలో, సినిమాల్లో, వాట్సాప్ ఫార్వర్డుల్లో ఎప్పుడూ ఒకటే కథ. పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయారు, కన్నవాళ్ళని మర్చిపోయారు, వృద్ధాశ్రమంలో పడేశారు. చదివి కళ్ళు తుడుచుకుంటాం. ఆ కథలో చెడ్డకొడుకు ఒకడుంటాడు. వాడు మనం కాదు కాబట్టి (రోజూ ఫోన్ చేస్తాం, నెలనెలా డబ్బు పంపుతాం, మందులు ఆన్‌లైన్లో ఆర్డర్ పెడతాం) హాయిగా పక్కకి తిరిగి పడుకుంటాం. నేను చెప్పొచ్చేదేంటంటే, మా అమ్మని ఏకాకిని చేసింది నా నిర్లక్ష్యం కాదు. నా శ్రద్ధ. మంచికొడుకు అనిపించుకోడానికి నేను చేసిన పనులే ఒక్కొక్కటిగా ఆవిడ చుట్టూ ఉన్న మనుషుల్ని తీసేశాయి.

ముందు రెండు మాటల్ని విడదీసుకుందాం. ఒంటరితనం అనేది అనిపించేది, మనసుకి సంబంధించింది. ఏకాకితనం లెక్కకి సంబంధించింది: నెలలో ఎంతమందిని కలుస్తున్నారు, ఎంతమందితో మాట్లాడుతున్నారు, కష్టమొస్తే ఎంతమందిని పిలవగలరు. మొదటిది అడిగితే మన అమ్మలు చచ్చినా చెప్పరు. రెండోది లెక్కపెట్టొచ్చు.

ఈ లెక్క ఉత్తుత్తిది కాదు. అమెరికాలో, కాలిఫోర్నియాలోని అలమీడా కౌంటీలో వేలమందిని తొమ్మిదేళ్ళపాటు గమనించి, బెర్క్‌మన్, సైమ్ అనే ఇద్దరు 1979లో ఒక పరిశోధన ప్రచురించారు. వయసు తేడాని సరిచేసి చూసినా, మనుషులతో సంబంధాలు బాగా తక్కువున్నవాళ్ళలో మరణాలు, బాగా ఎక్కువున్నవాళ్ళతో పోలిస్తే, మగవాళ్ళలో 2.3 రెట్లు, ఆడవాళ్ళలో 2.8 రెట్లు ఎక్కువ కనిపించాయి. 2025 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నివేదిక, ఏటా 8,71,000 మరణాలకి ఒంటరితనంతో సంబంధం ఉందని అంచనా కట్టింది. బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో దీనికోసం ఏకంగా మంత్రుల్నే పెట్టుకున్నాయి.

మన దగ్గర ఆ బాధ లేదనుకుంటాం. 2017-18లో జరిగిన లాసీ సర్వేలో మన దేశంలో 60 దాటినవాళ్ళలో ఒంటరిగా ఉండేవాళ్ళు సుమారు 6 శాతమే. చూశారా, మన కుటుంబ వ్యవస్థ! అని మురిసిపోవచ్చు. కానీ ఆ సర్వే ప్రశ్న ఇంట్లో ఎంతమంది ఉన్నారని. కొడుకు ఫ్లాట్లో పద్నాలుగో అంతస్తులో పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా టీవీ ముందు కూర్చునే తల్లి ఆ 6 శాతంలోకి రాదు కదా.

ఇప్పుడు నా ఘనకార్యాలు చెబుతాను.

మొదటిది. మాది వజ్రపుకొత్తూరు మండలం. మా చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు ఆటోలెక్కి పలాస-కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలకి పనికెళ్తారు. అమ్మ వయసులో ఉన్నప్పుడు పిక్కలు కొట్టేది, జీడి సొనకి వేళ్ళు నల్లగా అయిపోయి ఉండేవి. తర్వాత్తర్వాత పప్పుకి పొట్టు తీసే పనికి మారింది. ఆ పనే నన్ను చదివించింది. నాకు ఉద్యోగమొచ్చి నాలుగు డబ్బులు చేతిలో ఆడాక, 2011లో, నేను చేసిన మొదటి పని అమ్మని ఆ పని మానిపించడం. "కొడుకు సాఫ్ట్‌వేరు, తల్లి జీడిపప్పు ఒలుస్తోంది" అంటే నా పరువేం కాను? అమ్మ వద్దంది. నేను గొడవపెట్టుకుని మరీ మానిపించాను. నేను ఆపింది రోజుకూలీ అనుకున్నాను. ఆ కూలీతోపాటు ఆటోలో పక్కనుండే ఎనిమిదిమంది, షెడ్డులో చుట్టూ కూర్చునే పాతికమంది, ఎవరింట్లో ఏ కూర, ఎవరి కోడలు అలిగింది, ఎవరికి ఏ రోగం అనే కబుర్లు, అన్నీ ఒక్క దెబ్బకి పోయాయి. ఆ పాతికమందికి బదులు నేనిచ్చింది ఎల్‌ఈడీ టీవీ.

రెండోది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. మా వైపు కొబ్బరిచెట్టుని పెద్దకొడుకు అంటారు. నాలాంటి చిన్నకొడుకులు ఎటుపోయినా అది అన్నం పెడుతుందని. ఆ ఒక్క పూటలో ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగిపోయాయి. మళ్ళీ నాటిన కొబ్బరి కాపుకి రావాలంటే ఐదారేళ్ళు పైమాటే. అప్పటికి ఊళ్ళో మిగిలున్న కుర్రాళ్ళలో చాలామంది కూడా విశాఖపట్నమో, హైదరాబాదో, చెన్నయో, గల్ఫో పట్టిపోయారు. మా పెంకుటిల్లు కూడా ఆ తుఫానులోనే పోయింది.

ఆ పెంకుటిల్లు గురించి చెప్పాలి. మా వీధి ఇళ్ళన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. ముందు అందరికీ కలిపి ఒకటే పొడుగు అరుగు. మా గుమ్మం ముందు కూర్చుంటే నాలుగిళ్ళ అవతల ఎవరు దగ్గారో తెలిసేది. సాయంత్రమయితే ముసలివాళ్ళంతా ఆ అరుగు మీదే. ఎవరూ ఎవరింటికీ 'వెళ్ళక్కర్లేదు', అక్కడే ఉంటారు కాబట్టి. నేను లోను తీసి దాని స్థానంలో స్లాబు మేడ కట్టించాను. రోడ్డు నుంచి పది అడుగులు లోపలికి జరిపి, చుట్టూ ఆరడుగుల ప్రహరీ, నల్ల రంగు ఇనప గేటు, దానిమీద నా పేరు, పక్కన డిగ్రీ. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు. మళ్ళీ రాలేదు. ఎందుకు రావట్లేదని ఆ తర్వాతెప్పుడో అడిగితే అమ్మ అంది: "అరుగు మీదికి ఎవులైనా వస్తార్రా. గేటు తియ్యాలంటే ఏదో ఒక పనుండాలి కదా." మన ఊళ్ళలో కూర్చోవడానికి పనుండక్కర్లేదు. గేటు తీయడానికి ఉండాలి.

మూడోది. 2022లో నాన్న పోయాక అమ్మని ఏడాదికి మూడు నాలుగు నెలలు హైదరాబాదు తెచ్చుకోవడం మొదలుపెట్టాను. ఇదీ మంచికొడుకు పనే. ఇక్కడ లిఫ్టు నొక్కడం రాదు, సెక్యూరిటీవాడి హిందీ అర్థం కాదు, పక్క ఫ్లాటు తలుపు తెరుచుకోదు. సరే, అది అందరికీ తెలిసిందే. తెలియనిది ఏంటంటే, అక్కడ ఊళ్ళో కూడా ఆవిడ స్థానం పూడిపోతుంది. చీటీ కట్టేవాళ్ళు ఈవిణ్ణి లెక్కలోంచి తీసేశారు. రామమందిరం దగ్గర భజనకి పిలిచేవాళ్ళు "ఉందో లేదో" అని పిలవడం మానేశారు. పెళ్ళికార్డు గేటు సందులోంచి లోపల పడేసి పోయారు. మూడు నెలలు ఊళ్ళో లేకపోవడం అంటే ఏడాదంతా సగం లేనట్టే.

నాలుగోది అన్నిటికంటే సిగ్గుపడాల్సింది. రెండేళ్ళుగా అమ్మ ఫోన్లో అడిగినదానికి సంబంధం లేని జవాబులు చెబుతోంది. నేనూ మా అక్కా "మతిమరుపు మొదలైంది, వయసు కదా" అని తేల్చేశాం. టెక్కలి తీసుకెళ్ళి చూపిస్తే తేలిందేంటంటే, రెండు చెవులూ సరిగ్గా వినపడట్లేదు. అంతే! నలుగురిలో కూర్చుంటే మాటలు కలగాపులగం అయిపోయి, రెండుసార్లు తప్పు జవాబు చెప్పి నవ్వులపాలై, అసలు కూర్చోవడమే మానేసింది. మేం 'చాదస్తం' అని పేరుపెట్టింది చెవుడికి. 2024లో లాన్సెట్ కమిషన్, డిమెన్షియాకి దారితీసే కారణాల్లో మన చేతిలో ఉన్నవి 14 అని లెక్కకట్టింది. వాటిలో వినికిడి లోపం ఒకటి, ఏకాకితనం ఇంకొకటి. మొదటిది రెండోదాన్ని లాక్కొస్తుంది. ఒక ఆడియో టెస్టు చేయించకుండా నేను అమ్మకి ఆ రెండూ అప్పనంగా అంటగట్టాను.

మీరేదైనా జాబితా చూడండి: భర్తో భార్యో పోవడం, ఒక్కరే ఉండటం, దీర్ఘరోగం, వినికిడి, చూపు, మోకాళ్ళు, డబ్బు, బస్సు లేకపోవడం. ఏకాకితనానికి కారణాలుగా ఇవే ఉంటాయి. బస్సు సంగతే తీసుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలో ఆడవాళ్ళకి ఆర్టీసీ పల్లెవెలుగు ఉచితం. సంతోషం. కానీ బస్సే రాని మా ఊరికి ఆ టికెట్టు ఉచితమైతేనేం, కాకపోతేనేం?

ఉద్దానానికి ఆ జాబితాలో లేనిది ఇంకోటుంది. కిడ్నీ జబ్బు. దశాబ్దాలుగా ఇక్కడ మనుషుల్ని తినేస్తున్న ఈ జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నీళ్ళంటారు, ఎండలో కష్టమంటారు, పురుగుమందులంటారు. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభించారు. హిరమండలం రిజర్వాయరు నుంచి మంచినీళ్ళ పథకం కూడా అదే రోజు మొదలైంది. డయాలసిస్ రోగికి నెలకి 10,000 పింఛను వస్తుంది. ఇవన్నీ కావాల్సినవే, కాదనను. కానీ జబ్బు చేసే ఇంకో పని ఎవరి లెక్కలోకీ రావట్లేదు. వారానికి రెండు మూడుసార్లు నాలుగేసి గంటలు మంచమ్మీద. మిగతా రోజులు నీరసం. తాగే నీళ్ళకి కొలత. కొబ్బరితోట మధ్యలో ఉంటూ కొబ్బరినీళ్ళు తాగకూడదు, పొటాషియం అని. ఎవరింటికైనా వెళ్తే "ఏటీ ముట్టనంటాడు" అని వాళ్ళకి చిన్నతనం, తనకి మొహమాటం. అంచేత వెళ్ళడమే మానేస్తారు. వచ్చేవాళ్ళ సంగతి చూద్దామా అంటే, మా ఇంటికొచ్చే పట్నం చుట్టాలు నీళ్ళసీసా సంచీలో పెట్టుకుని వస్తారు. చెంబుతో నీళ్ళు తెచ్చిన మా అమ్మ ఆ సీసా చూసి చెంబు వెనక్కి తీసుకెళ్ళిపోవడం నేను కళ్ళారా చూశాను. ఇంటికొచ్చినవాడు మన నీళ్ళు ముట్టకపోవడం అంటే ఏంటో తెలుగువాళ్ళకి విడమరిచి చెప్పాలా?

డయాలసిస్‌కి వెళ్ళే మా ఊరి పెద్దాయన ఒకాయన నాతో అన్నమాట ఇది: "ఊళ్ళో నాతో మాటాడేవోడు లేడు బాబూ. ఆ పక్క మంచమోడే ఇప్పుడు నాకు సావాసగాడు. ఆడు రానిరోజు నాకు భయమేస్తాది."

సరే, "ఉద్యోగం మానేసి ఊరెళ్ళి కూర్చోమంటావా?" అంటారు. అనను. నేనూ వెళ్ళట్లేదు. పైగా నేను ఒక్కణ్ణీ వెళ్ళి కూర్చున్నా అమ్మ లెక్కలో ఒకటి పెరుగుతుంది, అంతే. ఒక్క మనిషి మీద ఆధారపడ్డ వ్యవస్థని మన భాషలో ఏమంటారో మీకు తెలుసు. కొడుకు ప్రేమ అనేది ఊరికి ప్రత్యామ్నాయం కాదు. అంతకంటే ఆప్ కాదు, 'ఎల్డర్ కేర్' చందా అసలే కాదు. నెలకింతని తీసుకుని వారానికోసారి ఒక కుర్రాడొచ్చి బీపీ చూసి సెల్ఫీ దిగి మనకి పంపుతాడు. మనకి నిశ్చింత. అమ్మకి ఇంకో పాలబ్బాయి.

ఇంకో వాదన. "మా అమ్మకి ప్రైవసీ ఇష్టం, ఆవిడే ఎవరితోనూ కలవదు." కావచ్చు, అలాంటివాళ్ళూ ఉంటారు. కానీ ఆ మాట అనేముందు చెవులు పరీక్ష చేయించారా? మోకాళ్ళ నెప్పితో గడప దిగలేకపోతోందేమో చూశారా? ఇష్టంతో మానేయడం వేరు, చేతకాక మానేసి ఇష్టమని చెప్పుకోవడం వేరు. రెండోదాంట్లో మన అమ్మలు ఆరితేరినవాళ్ళు.

సర్కారుకి కూడా ఒక మాట. 2019 అక్టోబర్ 2న మొదలైన సచివాలయాల ఉద్యోగులే ఇప్పుడు నెల మొదట్లో ఇంటింటికీ వెళ్ళి పింఛను ఇస్తున్నారు. వయసు మళ్ళినవాళ్ళకి అది 2024 నుంచి నెలకి 4,000. ఎండలో క్యూలు కట్టించే రోజులు పోవడం మంచిదే. అన్ని రకాలూ కలిపి అరవై లక్షల పైచిలుకు గుమ్మాల దగ్గరకి నెలకోసారి ఒక మనిషి వెళ్తున్నాడంటే మాటలా! అంత పెద్ద వ్యవస్థ పెట్టుకుని వేలిముద్ర వేయించుకుని రెండు నిమిషాల్లో వచ్చేస్తున్నాం. ఆ రెండు నిమిషాల్లోనే ఇంకో మూడు ప్రశ్నలు అడగమనండి. ఈ వారం ఎవరితో మాట్లాడావు? మాటలు సరిగ్గా వినపడుతున్నాయా? బయటికి ఆఖరుసారి ఎప్పుడెళ్ళావు? జవాబులు బాగోకపోతే ఆశా కార్యకర్త వారంలో ఒకసారి తలుపు తట్టాలి. వినికిడి యంత్రాలు పేద వృద్ధులకి ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన అని కేంద్ర పథకం ఒకటుంది, 2017లో మన నెల్లూరులోనే ప్రారంభించారు. పథకం ఒక దిక్కున, చెవుడున్న ముసలమ్మ ఇంకో దిక్కున. మధ్యలో అడిగేవాడు లేడు. 2001లో కేరళలో, మలప్పురంలో, పొరుగువాళ్ళే వలంటీర్లుగా మంచాన పడ్డవాళ్ళని చూసొచ్చే పద్ధతి మొదలై ఆ రాష్ట్రమంతా పాకింది. వాళ్ళు డాక్టర్ల కంటే ముందు పొరుగుని కూడగట్టారు.

మరి నేనేం చేశానంటారా? ఈ సంక్రాంతికి వెళ్ళినప్పుడు గేటు పీకించేశాను. ముందు ప్రహరీ కొట్టించి, రోడ్డు వారగా, పైన రేకు వేయించి, అరుగు కట్టించాను. అరుగు కట్టగానే ఊరంతా వచ్చి కూర్చున్నారనుకుంటే అది సినిమా. మొదటి నెల ఎవరూ రాలేదు. ఏళ్ళ తరబడి విడిచిపెట్టిన అలవాటు సిమెంటు ఆరినంత త్వరగా తిరిగిరాదు. తర్వాత, మందు వేసుకోవడం కోసమని ఇద్దరు వచ్చారు (ఒకావిడకి మాత్రల పేర్లు చదవడం రాదు, అమ్మకి వచ్చు). చెవి యంత్రం మొదట్లో గోల అని తీసి పడేసేది, ఇప్పుడు సాయంత్రాలు పెట్టుకుంటోంది. హైదరాబాదు రావడం నెల రోజులకి తగ్గించాను. మిగతా నెలలు నేనే రైలెక్కి పలాసలో దిగుతున్నాను. కెమెరా మాత్రం తీసేశాను.

పోయిన వారం ఫోన్ చేస్తే వెనకాల ఎవరివో నవ్వులు. "ఉండ్రా, మనుషులున్నారు, రాత్రికి చెయ్యి" అని పెట్టేసింది. కాస్త మనసు చివుక్కుమన్న మాట నిజమే :)

మీరూ ఒక పని చేయండి. జేమ్స్ లూబెన్ అనే ఆయన తయారుచేసిన ఆరు ప్రశ్నల కొలమానం ఉంది. సారాంశం ఇది: చుట్టాల్లో నెలకి ఎంతమందిని కలుస్తావు లేదా ఎంతమందితో మాట్లాడతావు, మనసులో మాట ఎంతమందితో చెప్పుకోగలవు, సాయానికి ఎంతమందిని పిలవగలవు? అవే మూడు మళ్ళీ స్నేహితుల గురించి. ఒక్కోదానికి సున్నా నుంచి ఐదు, మొత్తం 30. పన్నెండుకి తగ్గితే ప్రమాదం. డిసెంబర్లో మా అమ్మకి వచ్చింది 7. అందులో నేనూ అక్కా కలిసి తెచ్చిపెట్టినవే 6. ఆ మిగిలిన ఒక్కటీ పక్క వీధి పెద్దమ్మది.

ఈ ఆదివారం "ఎలా ఉన్నావమ్మా" అని అడక్కండి. "ఈ వారం మనింటికి ఎవరొచ్చారు?" అని అడగండి. పేర్లతో సహా చెప్పమనండి.